మేక ఒళ్లు విదిలించాలి

మనిషికి భయమేసినప్పుడల్లా అది మేక మెడకే వస్తుంది. ఎన్ని యుగాల నుంచో ఇదే వరస. పులిని తెచ్చి ఇమ్మని ఏ దేవతా అడిగినట్టు మనం వినలేదు. ఉద్దానం తీరంలోని ఓ ఊళ్లోనూ అంతే. చేపల వేట నిషేధం ముగిశాక పడవలు నీళ్లలోకి దిగాలంటే ముందు గంగమ్మ తల్లికి మేకపోతును ఇవ్వాలి. ఇవ్వడమంటే ఊరికే నరికెయ్యడం కాదు. పసుపు నీళ్లు చల్లితే అది ఒళ్లు విదిలించాలి. విదిలిస్తే తల్లి ఒప్పుకున్నట్టు. లేదంటే ఒక్క పడవ కదలడానికి వీల్లేదు. ఊళ్లోకి టీవీలొచ్చాయి, పలాస నుంచి ఆటోలొచ్చాయి. ఈ ఒక్క తీర్పు మాత్రం ఇంకా మేకకే వదిలేశారు.

ఆ ఏడు మేక కదల్లేదు.

కోటబొమ్మాళి సంతలో కొన్న నల్లపోతు అది. పూజారి బంగారయ్య చెంబుడు నీళ్లు చల్లితే, మెళ్లో కట్టిన వేపమండను అందుకుని తాపీగా నమలడం మొదలుపెట్టింది. మామూలు ఏడాదైతే జనం నవ్వుకుని ఇంకో చెంబు తెచ్చేవాళ్లు. ఈసారి ఎవరికీ నవ్వు రాలేదు. కన్నయ్య అప్పటికే సముద్రం మీద ఉన్నాడు. ముందురోజు పొద్దున్నే, “మేక ఒప్పుకునేదాకా సేపలాగుతాయేటి?” అని పెళ్లాం సంతోషితో వేళాకోళమాడి, ఒక్కడే తెప్ప వేసుకుని వెళ్లాడు. మధ్యాహ్నానికి ఈదురుగాలి లేచింది. తెప్ప తిరిగి రాలేదు.

వెతకడానికి ఇంజిను పడవ ఉంది, డీజిలుంది, మనుషులున్నారు. అందరూ మేక మొహం చూస్తూ నిలబడ్డారు.

“సెప్పకుండా ఎల్లిపోయినోడి మీద తల్లికి కోపమొచ్చింది. ఇప్పుడు మీరుగానీ ఎల్తే మిమ్మల్ని కూడా ఉంచీసుకుంటాది,” అన్నాడు బంగారయ్య.

దేముడమ్మ జనంలోంచి ముందుకొచ్చి మేక పక్కన నిలబడింది. కన్నయ్య ఆమెకు మరిది. ఇంజిను పడవ నడపాల్సింది ఆమె మొగుడు ఢిల్లీరావు. మేక విదిలించకపోతే మరిది దక్కడు. విదిలిస్తే మొగుడు ఆ అలల్లోకి పోతాడు. ఏం కోరుకోవాలో తెలియక ఊరికే చేతులు జోడించింది. రెండో చెంబు అయింది, మూడోదీ అయింది. మేక నములుతూనే ఉంది.

అప్పుడు సంతోషి వచ్చింది. తలారా స్నానం చేసి, తడిచీరతోనే వచ్చి మేక ముందు మోకాళ్ల మీద కూలబడింది. దాని మెడ కావలించుకుని ఏడ్చింది. ఏడుస్తూనే కొంగు చివర మేక చెవి దగ్గరకు తీసుకెళ్లి పిండింది. సంతోషి పుట్టింటివాళ్లకు మేకలుండేవి. చెవిలో నీళ్లు పడితే మేక ఏ తల్లి సెలవు కోసమూ ఆగదు.

మేక తల నుంచి తోక దాకా ఒళ్లు విదిలించింది. డప్పులు మోగాయి. “తల్లి ఒప్పుకుంది,” అన్నాడు బంగారయ్య, కళ్లు తుడుచుకుంటూ. కత్తి లేచింది.

పక్కనే ఉన్న దేముడమ్మ అంతా చూసింది. ఆమె చూసిందని సంతోషి కూడా గమనించింది. తోటికోడలి కళ్లలో బతిమాలుకోవడం లేదు, సిగ్గూ లేదు. భయం ఒక్కటే ఉంది. దేముడమ్మకు ఒళ్లు మండిపోయింది. తన మొగుణ్ణి తెచ్చుకోవడానికి నా మొగుణ్ణి తోస్తోందా ఇది? ఒక్క మాట చాలు, పడవ ఆగిపోతుంది. ఆ మాట గొంతు దాకా వచ్చింది.

ఢిల్లీరావు తలకు తువ్వాలు చుట్టుకుంటూ దగ్గరకొచ్చాడు. “నువ్వు పక్కనే ఉన్నావు గదా. మేక నిజింగా ఇదిలించిందేటి?” అని మెల్లిగా అడిగాడు.

దేముడమ్మ అలల వైపు చూసింది. అవి ఇంటి కప్పు ఎత్తున లేస్తున్నాయి.

“ఇదిలించింది మావా. నాను సూసినాను. ఎల్లు.”

పడవ అలలు దాటి కనుమరుగయ్యాక ఆమె ఇసకలో కూర్చుండిపోయింది. అబద్ధమాడింది నేను, ఆయన కాదు, నన్ను తీసుకెళ్లు తల్లీ అని లోపల్లోపలే వేడుకుంది. సంతోషి వచ్చి పక్కన కూర్చుంది. దేముడమ్మ పొమ్మనలేదు, రమ్మనలేదు. గాలి హోరెత్తినప్పుడల్లా ఇద్దరూ ఒకేసారి ఉలిక్కిపడ్డారు.

పొద్దు వాలుతుండగా ఇంజిను చప్పుడు వినిపించింది. పడవలో కన్నయ్య పడుకుని ఉన్నాడు. పెదాలు ఉప్పుకు పగిలిపోయాయి గానీ ప్రాణముంది. ఊరంతా ఒడ్డుకు పరిగెత్తింది. తల్లి మాట తప్పదని బంగారయ్య సముద్రానికి దండం పెట్టాడు.

ఢిల్లీరావు ఒక్కడూ దూరంగా వచ్చి కూలబడ్డాడు. దేముడమ్మ మంచినీళ్లు తెచ్చి ఇస్తే, తాగకుండా పక్కన పెట్టేశాడు.

“కొంగు పిండడం నాను కూడా సూసినాను,” అన్నాడు.

దేముడమ్మ గిరుక్కున అతని వైపు తిరిగింది. “మరి నన్నెందుకడిగినావు?”

“బయమేసింది. నేదని నువ్వంటే ఆగిపోదారనుకున్నాను.” అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు. “సొంత తమ్ముడే. అయినా ఆగిపోదారనుకున్నాను.”

అవతల జనం మధ్య నుంచి కన్నయ్య గొంతు నీరసంగా వినిపిస్తోంది. “అన్నేడీ? అన్ననిలా రమ్మనండి,” అని అడుగుతున్నాడు.

ఢిల్లీరావు లేవలేదు.