జానయ్య మందలో లేని గజ్జి

మా మామ జానయ్య మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే: ఆయన మనుషులను కూడా గొర్రెలను చూసినట్టే చూస్తాడు. ఇంటికి ఎవరొచ్చినా ముందు కంటి కింది రెప్ప వంక చూస్తాడు. పెళ్లిచూపుల రోజు మా అమ్మతో, "పిల్ల మంచిగున్నది గని ఒంట్ల రక్తం తక్కువున్నది" అన్నాడు. తర్వాత పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఎనిమిదిన్నర వచ్చింది. అయినా అనకూడని మాట అనకూడనిదే.

నేను నల్లగొండలో డిగ్రీ చదివాను, అదీ జంతుశాస్త్రంతో. కాబట్టి మా పాప శ్రీవాణి ఒంటి మీద మచ్చలు కనిపించినప్పుడు కారణం వెతకడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. ఏడాదిన్నర పిల్ల. వీపు మీద, పొట్ట మీద పప్పుగింజంత గోధుమరంగు మచ్చలు. దురద. ఇంటి వెనకే గొర్రెల దొడ్డి. మధ్యాహ్నం పూట పడుకునేది తాత గొంగడి మీద. ఇంకేం కావాలి? మందుల దుకాణం అతను కూడా ఫోన్‌లో ఫొటో చూసి, "గజ్జే మేడం" అని పూతమందు ఇచ్చాడు.

రెండు వారాలు వేన్నీళ్లు, వేపాకు, పీచుతో రుద్దడం, ఆపైన మందు. రుద్దినప్పుడల్లా మచ్చలు ఎర్రబడి ఉబ్బేవి. పిల్ల వాడకట్టంతా వినపడేలా ఏడ్చేది. పురుగు చస్తున్నదని నేను ధైర్యం చెప్పుకునేదాన్ని.

మామ గుమ్మంలో నిలబడి చూసేవాడు.

"బిడ్డా, అది గజ్జి కాదు."

"నీకెట్ల తెల్సు మామా?"

"గజ్జి ఒక్కదానికొస్తే మందల పదింటికి అంటుకుంటది. పొద్దంతా పోరిని ఎత్తుకునేది నేను. పక్కల పండేది నువ్వు, గిరిగాడు. మన ముగ్గురికి లేదు. దీనికొక్కదానికే ఎట్లుంటది?"

"మనం గొర్లం కాదు మామా."

"గా సంగతి గజ్జికి తెల్వదు గద!"

మా ఆయన గిరి నవ్వాడు. నవ్వినందుకు ఆయన దగ్గరే మాట తీసుకున్నాను: సోమవారం నుంచి గొర్రెలు చెరువు అవతల ఉన్న మా మెట్ట చెలకకు మారాలి. గొర్రెలు పోతే వాటి వెంట మామా పోవాలి. అక్కడే గుడిసె, అక్కడే పడక. మామ గొంగడి మడిచి దూలానికి వేశాడు. శ్రీవాణి దాని కింద నిలబడి రెండు చేతులూ పైకి చాపింది.

శనివారం స్నానం అయ్యాక పిల్ల వీపు మీద నీటిపొక్కు లేచింది. ఇక నా జంతుశాస్త్రానికి ధైర్యం చాలలేదు. గిరి డ్యూటీకి పోయాడు, నేను పిల్లను తీసుకుని నల్లగొండ బస్సెక్కాను. నేను పిలవకుండానే మామ కూడా ఎక్కి పిల్లను తన ఒళ్లోకి తీసుకున్నాడు.

చర్మం డాక్టరమ్మ మచ్చలు చూసి అడిగిన మొదటి ప్రశ్న: "ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉందా?"

మామ నా వంక చూడలేదు. తిరగని ఫ్యాను వంక చూశాడు.

"లేదు మేడం" అన్నాను.

"మచ్చలు వచ్చిపోతుంటాయా?"

"పోవమ్మా, ఉన్న జాగలనే ఉంటయి" అన్నాడు మామ. "రుద్దితే లేస్తయి. కాగిన నీళ్లు పోస్తే లేస్తయి. ఊకె ఉంచితే ఊకుంటయి."

డాక్టరమ్మ పెన్ను మొద్దు కొనతో ఒక మచ్చను మెల్లగా రుద్దింది. అందరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. ఐదు నిమిషాల్లో అది ఎర్రబడి ఉబ్బింది. పక్కనున్న మామూలు చర్మాన్ని రుద్దినా ఏమీ కాలేదు.

"ఇది గజ్జి కాదమ్మా. మాస్టోసైటోసిస్ అంటారు, అరుదు. చర్మంలో ఒక రకం కణాలు అక్కడక్కడ పోగుపడతాయి. రాపిడి తగిలినా, వేడి తగిలినా ఇట్లా దద్దు లేస్తుంది. దోమకాటనీ గజ్జనీ చాలామంది పొరబడతారు. అంటుకునేది కాదు. ఎక్కువమంది పిల్లల్లో పెద్దయ్యేసరికి తగ్గిపోతుంది. రక్తం, చిన్న చర్మం ముక్క పరీక్షకు పంపి ఖాయం చేసుకుందాం. పడని మందులు చీటీలో రాస్తాను, ఏ డాక్టరు దగ్గరికి పోయినా చూపించండి. పీచు, వేన్నీళ్లు, ఆ పూతమందు ఈరోజు నుంచి బంద్."

"మరి గొంగడి?" అని అడిగాను. ఎక్కడో ఒకచోట గెలవాలి కదా.

"గరుకు కదా, పైన మెత్తటి పాత చీర పరవండి. చాలు."

"మా ఇంట్ల పాత చీరలకేం తక్కువ లేదమ్మా" అన్నాడు మామ, నా బీరువా అంతా తెలిసినవాడిలా.

తిరుగు బస్సులో ఆయన గెలిచిన మాట ఎత్తలేదు. ఎత్తితే నేనూ ఒకటి అనేదాన్ని. నకిరేకల్ దాటాక నెమ్మదిగా అన్నాడు:

"ఎల్లుండి పొద్దుగాల్నే దొడ్డి తడికెలు ఇప్పుత బిడ్డా. మనూరి ట్రాక్టరు నరేశ్ ట్రాలీ తెస్తనన్నడు."

శ్రీవాణి ఆయన తలపాగా కొస నోట్లో పెట్టుకుని నిద్రపోతున్నది.

"మామా, తప్పు నాదే" అన్నాను.

"ఏందీ? ఇంజను మోతల ఇనపడ్తలేదు."

ఇంజను అంత మోత చేయడం లేదు. మేకపిల్ల ఎక్కడో అరిస్తే మూడు వీధుల అవతల వినే మనిషి. అయినా గొంతు పెంచాను.

"తప్పు నాదే అంటున్న! గజ్జి కాదని నువ్వు మొదట్నే చెప్పినవు, నేను ఇనలే. పిల్లను రుద్ది రుద్ది పొక్కు లేపింది నేనే. దొడ్డి ఏడికి పోదు, నువ్వేడికి పోవు!"

కండక్టరు వెనక్కి తిరిగి చూశాడు.