పొగడ బెరడు

చిన్నకోడలు బిడ్డలా పెంచుకున్న పొగడచెట్టును, ఆమె ఊళ్ళో లేని సమయం చూసి పక్క వాటాలోని పెద్ద తోడికోడలు కొట్టించేసింది. ఆకులు రాలి తన వాకిలి పాడవుతోందట. తిరిగొచ్చిన చిన్నకోడలు చీపురు తెచ్చి ఆ మొద్దు చుట్టూ రాలిన చెక్కముక్కలన్నీ ఊడ్చుకుంది.

వానలు మొదలయ్యేసరికి పెద్దామెకు చిగుళ్ళు వాచి, దవడ బంతిలా ఉబ్బింది. మందుబిళ్ళలు పనిచేయలేదు. పొగడ బెరడు కషాయం పుక్కిలిస్తే వాపు తీస్తుందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

"చెల్లీ, కాస్త బెరడేమైనా దాచావా?" అంది చెంప పట్టుకుని.

"ఎక్కడిదక్కా? చెట్టంతా నీ పొయ్యిలోకే పోయిందిగా. పోనీ, ఆ బూడిదతో తోముకో."

"నేను నొప్పితో చస్తుంటే నీకు ఎకసెక్కాలా?"

"నా చెట్టు ఆకుకే చోటివ్వని వాకిలి నీది. బెరడుకు నోట్లో చోటిస్తావా అక్కా?"

పెద్దామె విసురుగా వెళ్ళిపోయింది. చిన్నకోడలు తలుపు వేసి, బియ్యం డబ్బా వెనక నుంచి ఎండు బెరడు తీసి మరిగించింది. చల్లారాక, నడిమి గోడవైపు కిటికీ బార్లా తెరిచి, అవతలికి బాగా వినబడేలా గరగరమని పుక్కిలించింది.

ఆమె పళ్ళకు ఏ రోగమూ లేదు.