వృత్తి: దుప్పట్లు మడతపెట్టడం

బోనులో నిలబడ్డ లాండ్రీ యజమాని హాల్విక్‌ను జడ్జి 'గొప్ప దాత' అన్నాడు. వెనక బెంచీలో కూర్చున్న ఎర్నస్టీన్ పళ్ళు కొరికింది.

ఆ దాత ఎవరి పేర్లతో దానం చేశాడో ఆమెకు తెలుసు. బాల్టిమోర్‌లో ఆయన లాండ్రీలోనే పంతొమ్మిదేళ్ళుగా హోటళ్ళ దుప్పట్లు మడతపెడుతోంది. పోయిన ఎన్నికల ముందు మేనేజరు నలభై మంది పనివాళ్ళ ముందూ కాగితాలు పడేశాడు.

"సెనేటర్‌గారికి చందా. డబ్బు అయ్యగారిది, పేర్లు మీవి. పెట్టండి సంతకాలు. పెట్టనివాళ్ళు రేపట్నుంచి రానక్కర్లేదు."

ఒక మనిషి ఇంతకు మించి ఇవ్వకూడదని చట్టం. అందుకే అన్ని పేర్లు. వృత్తి అన్నచోట 'వ్యాపారం' అని రాయమన్నారు. రాశారు. ఎర్నస్టీన్‌కు మాత్రం చెయ్యి రాలేదు. తను చేసే పనే రాసింది. మేనేజరు చూసుకోలేదు.

సెనేటరు గెలిచాడు. పనిచోట్ల వేడికి హద్దు పెట్టే చట్టాన్ని అడ్డుకున్నాడు. ఆగస్టు వేడికి ఇస్త్రీ యంత్రం దగ్గర పనిచేసే రోసాల్బా కుప్పకూలింది. మళ్ళీ లేవలేదు.

దుప్పట్లు మడతపెట్టే మనిషి అన్ని వేల డాలర్లు ఎలా ఇచ్చిందని ఎన్నికల ఆఫీసులో ఒక గుమాస్తాకు అనుమానం వచ్చింది. హాల్విక్ దొరికాడు.

శిక్ష ఎనిమిది నెలలు. రోసాల్బా పేరు కోర్టులో ఎవరూ ఎత్తలేదు.

బయట మెట్లమీదే గొడవ మొదలైంది.

"ఎనిమిది నెలలా! మా ఆయన పళ్ళు కట్టించుకోడానికే అంతకన్నా ఎక్కువ పట్టింది," అంది ఆమె పక్కనే దుప్పట్లు మడతపెట్టే డార్లీన్.

"అంతా మిస్ ఎర్నస్టీన్ పుణ్యం," ఎత్తిపొడిచాడు బాయిలర్ దగ్గర పనిచేసే ఓటిస్. "ఒక్క ముక్క రాసి ఆయన్ని జైలుకి పంపింది, మనల్ని రోడ్డుమీదకి లాగింది. లాండ్రీ మూసేస్తే తినేదేంటి?"

"ఓటిస్, రోసాల్బా కూడా సంతకం పెట్టింది, గుర్తుందా?" అంది ఎర్నస్టీన్. "ఆ పిల్ల తన చావుకి తనే చందా ఇచ్చిందిరా."

ఆమె సంచిలోంచి సమ్మె కాగితం తీసి, మెట్టుమీద పరిచి, మొదటి పేరు రాసింది.

"ఇక్కడ గుంపు కట్టకూడదు, దిగండి," అని అరిచాడు పోలీసు.

"రాసుకుని దిగుతాం నాయనా, చదువు తక్కువ వాళ్ళం," అంది డార్లీన్.

ఓటిస్ గొణుక్కుంటూ వచ్చి కలం లాక్కున్నాడు. "పేరు పక్కన ఏం రాయను?"

"ఏం పని చేస్తావో అదే."

సోమవారం పొద్దున లాండ్రీ యంత్రాలన్నీ చల్లగా ఉన్నాయి. గేటు దగ్గర మేనేజరు ఆ సమ్మె కాగితం చేతిలో ఊపుతూ కేకలేశాడు. "ఎవడు పెట్టమన్నాడు మీకు ఈ సంతకాలు?"

"ఈసారి ఎవడూ పెట్టమన్లేదు," అన్నాడు ఓటిస్.