తోడు లేని ఓటు

ఎన్నికల పద్ధతులు బాగుచేయడానికి సాయపడతామని బయటి దేశాల బృందం ఒకటి వచ్చి, బడిలోని పెద్దగదిలో పోలింగ్ సిబ్బందికి శిక్షణ పెట్టింది. అడ్డుతెర ఎలా కట్టాలో, పెట్టెకు సీలు ఎలా వేయాలో, లెక్కింపు అక్కడికక్కడే ఎలా ముగించాలో ఓపిగ్గా చెప్పారు. ఆఖరున చూపులేనివాళ్ల కోసం తయారుచేసిన అట్ట తీశారు. ఓటుకాగితాన్ని దానిలోకి దూరుస్తారు. ఒక్కో గుర్తుకు ఒక్కో రంధ్రం; ఏది ఎన్నోదో ముందే చదివి వినిపిస్తారు. తడిమి చూసుకుని, కావలసిన రంధ్రంలో ముద్ర వేస్తే సరి. పక్కన మనిషి అక్కర్లేదు.

దాన్ని వాడి చూడటానికి టీచరమ్మ తన తండ్రిని వెంటబెట్టుకొచ్చింది. ఈసారి పోలింగ్ కేంద్రం బాధ్యత ఆమెదే. తల్లి పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఇంట్లో ఇప్పుడు మిగిలింది వాళ్లిద్దరే.

ఉత్తుత్తి ఓటుకాగితం మీద నిచ్చెన, గొడుగు, గడియారం, కుర్చీ బొమ్మలున్నాయి. గడియారానికి వేయమన్నారు. పెద్దాయన ముద్ర అందుకున్నాడో లేదో, పక్కనున్న గుమాస్తా గబుక్కున ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

విదేశీ శిక్షకురాలు ఏదో అంది. అనువాదకుడు నవ్వాపుకుంటూ చెప్పాడు: "చెయ్యి వదిలేయమంటున్నారండీ."

"పెద్దాయన కదండీ, చూస్తూ ఎలా ఊరుకుంటాం?"

"అసలు చూడనే వద్దంటున్నారు."

గది గొల్లుమంది. గుమాస్తా చేతులు వెనక్కి కట్టుకున్నాడు. కాసేపటికే అటునుంచి ఇంకొకరి చెయ్యి ముందుకొచ్చింది. మర్యాద అనే జబ్బు అక్కడ అందరికీ ఉంది.

పెద్దాయన తనంతట తనే తడుముకుని ముద్ర వేశాడు. శిక్షకురాలు కాగితం పైకెత్తి చూపింది.

"పడిందా?" అన్నాడాయన.

"పడింది నాన్నా."

"గడియారం మీదేనా?"

"దాని మీదే."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన ముఖం మాత్రం వాడిపోయింది.

ఇంటికొచ్చి, చెప్పులైనా విడవకుండా గుమ్మంలో కూలబడ్డాడు. "నన్ను ఓటుకి పిలవకు తల్లీ."

"అదేంటి, అంత బాగా వేసి?"

"ఇన్నేళ్లూ మీ అమ్మే కదా వేసింది. నేను చెవిలో చెప్పేవాణ్ణి, అది ముద్ర గుద్దేది. ఇప్పుడది పోగానే నేనొక్కణ్ణే తెర వెనక్కి వెళ్లానంటే ఏమిటర్థం? ఇన్నాళ్లూ దాన్ని నమ్మలేదనేగా?"

"పోనీ, పక్కింటి పిన్నిని తోడు తీసుకెళ్లు."

"మీ అమ్మ చోట ఇంకొకరా? వద్దు."

టీచరమ్మ స్తంభానికి ఆనుకుని నిలబడింది. ఆస్పత్రిలో తల్లి చెప్పిన మాట ఆమె గుండెల్లో రాయిలా ఉంది. 'మీ నాన్న చెప్పినవాళ్లకి ఒక్కసారీ వేయలేదే. రెండు ఓట్లూ నా ఇష్టమే. ఆయనకి చెప్పకు, నొచ్చుకుంటాడు.'

చెబితే తల్లికిచ్చిన మాట పోతుంది. వచ్చి సర్దిచెప్పుకోవడానికి ఆవిడ లేదు. చెప్పకపోతే ఈయన జన్మలో మళ్లీ ఓటు వేయడు. ఆమె వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. మాట మెత్తగా చెప్పడం ఎలాగో తోచక, ఉన్నదున్నట్టు చెప్పేసింది.

ఆయన వంగి, చెప్పులు ఒక్కొక్కటే విడిచి పక్కన పెట్టాడు.

"నవ్విందా, చెప్పేటప్పుడు?"

"నవ్వింది. దగ్గొచ్చేదాకా నవ్వింది."

"ఎవరికి వేసిందట?"

"చెప్పలేదు. నేనూ అడగలేదు."

"బయటికి రాగానే 'మీరన్నట్టే వేశానండీ' అనేది. నేను అడక్కుండానే అనేది."

"కోపమొచ్చిందా నాన్నా?"

"కోప్పడదామంటే అదేదీ?" అని లేచి, గోడ పట్టుకుని లోపలికి వెళ్లాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. ఆ తర్వాత ఆ ఊసు ఇద్దరూ ఎత్తలేదు.

పోలింగు రోజు ఎండ ముదిరాక పక్కింటి పిన్ని ఆయన్ని తలుపుదాకా తెచ్చి వదిలింది. టీచరమ్మ కుర్చీలోంచి సగం లేచి, మళ్లీ కూర్చుంది.

"తోడు ఎవరండీ?" అన్నాడు ఒక పార్టీ ఏజెంటు.

"ఎవరూ లేరు. ఆ అట్ట ఇవ్వండి."

"పాడైపోతుందండీ ఓటు. టీచరమ్మా, మీ నాన్నగారేగా, మీరైనా చెప్పండి."

"ఆయన అట్ట అడిగారు. ఇస్తున్నాం," అంది ఆమె.

ఆయన తెర వెనక్కి వెళ్లాడు. ఎంతకీ రాలేదు. వరసలో గొణుగుడు మొదలైంది.

"లోపల కునుకు తీస్తున్నాడేమో చూడండ్రా."

"నీలాగా పెళ్లాం చెప్పినదాని మీద గుద్దేసి రావడమనుకున్నావా? ఆయన ఆలోచించుకుంటున్నాడు."

అంతా నవ్వారు. టీచరమ్మ బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. లోపల ముద్ర ఒక్కసారి చప్పుడైంది. ఆ తర్వాత కూడా ఆయన వెంటనే రాలేదు.

వచ్చేటప్పటికి చేతిలో కాగితం ఉంది. మడత సరిగ్గా కుదరక ఒక అంచు విడిపోతోంది. కాస్త కిందికి చూస్తే చాలు, ముద్ర ఎక్కడ పడిందో తెలిసిపోతుంది. ఇన్నాళ్లూ తండ్రి కోరుకున్నది ఎవరినో తెలిసిపోతుంది. లేదా, తల్లి మీద అలిగి ఓటు పాడుచేశాడేమో తెలిసిపోతుంది.

ఆమె ముఖం గోడవైపు తిప్పుకుంది.

"మడత విడిపోతోంది, సరిచేసుకోండి," అంది. ఆ గదిలో తండ్రిని ఆమె 'మీరు' అనే పిలిచింది. "పెట్టె మీకు ఎదురుగానే ఉంది. మూత తడమండి, సందు చేతికి తగులుతుంది."

కాగితం పెట్టె అడుగుకు జారిన చప్పుడు విన్నాకే ఆమె ఇటు తిరిగింది.

సాయంత్రం లెక్కింపు ఆ గదిలోనే జరిగింది. ఫలితం రాసిన కాగితాన్ని ఆమె తలుపుకు అంటించింది. జనం పలచబడ్డాక పెద్దాయన పిన్ని భుజం పట్టుకుని వచ్చి, చదవమన్నాడు. ఆమె ఒక్కో పేరూ, ఎదురుగా ఉన్న ఓట్లూ చదివింది.

గెలిచినవాడి పేరుకూ, అట్టడుగున ఉన్నవాడి పేరుకూ ఆయన ఒకేలా తలూపాడు.