ఏడో ఆకు

నేను ఒక కల్వాన్ని. మందులు నూరే నల్లరాతి కల్వాన్ని. రోలంటే అందరికీ తెలుసు, పచ్చడి పెడుతుంది కాబట్టి దానికి మర్యాద. నన్ను చూస్తే మాత్రం "ఇదేంది, పడవ మాదిరి ఉంది" అంటారు. మూరెడు పొడవు, మధ్యలో గుంట, ఆ గుంటలో ముందుకూ వెనక్కూ ఆడే ఒక గుండు. రెండు తరాలు ఆ గుండు కిందే పడి ఉన్నాను. అలిసిపోయాను. రాయికి అలసటేమిటని నవ్వకండి. పుట్టినప్పటికంటే నా గుంట రెండు వేళ్ళు లోతైంది. ఆ అరిగిన రాయంతా మందుతోపాటు ఎవరెవరి కడుపుల్లోకి పోయిందో మీరే ఆలోచించుకోండి.

నన్ను చెక్కినవాడు నల్లమల అంచున బండలు కొట్టే ఎల్లప్ప. తిరగలికని తెచ్చిన రాయి పగిలితే, మిగిలిన ముక్కతో నన్ను చేశాడు. ఒకసారి అతని బొటనవేలు చితికి చీము పడితే మా ఊరి మంగలి తిరుపాలు కట్లు కట్టి మాన్పాడు. ఆ కృతజ్ఞతకు నన్ను మోసుకొచ్చి తిరుపాలు గడపలో దించాడు. ఆ రోజుల్లో ఊళ్ళో గడ్డాలు గీసే చేతులే కురుపులు కోసేవి, మందులూ నూరేవి. తిరుపాలుకు కత్తి పని కంటే కామెర్ల మందుతోనే పేరు. పచ్చటి కళ్ళేసుకుని ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చేవారు. ఆదివారం పరగడుపున పసరు తాగి, ఇరవై రోజులు చప్పిడి కూడు తిని, నయమైతే వచ్చి "నీ హస్తవాసి గొప్పది తిరుపాలూ" అని దండం పెట్టేవారు. నూరింది నాలో, పేరు చేతికి! పోనీలెండి, రాళ్ళకు ఇది అలవాటే. నిజం చెప్పాలంటే, తగ్గినవాళ్ళకు ఆకువల్ల తగ్గిందో, పత్యంవల్ల తగ్గిందో, రోజులు గడిచి తగ్గిందో నాకే తెలియదు. తగ్గనివాళ్ళు మళ్ళీ వచ్చి చెప్పరు కదా.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. మందాకు పేరు ఎవరికీ చెప్పకూడదు. ప్రాణం పోయే ముందు కొడుకు చెవిలో ఒక్కసారి చెప్పాలి, అంతే. ముందే బయటపెడితే మందు చచ్చిపోతుందట. నూరేటప్పుడు ఎవరైనా తొంగి చూస్తే? దానికీ తిరుపాలు దగ్గర ఉపాయం ఉంది. ఏడు రకాల ఆకులు నూరేవాడు. తుమ్మి, గలిజేరు, పొన్నగంటి, మునగ, తులసి, కరివేపాకు, ఇవి ఆరూ చూసేవాళ్ళ కళ్ళు గప్పడానికి. మందు ఏడోది ఒక్కటే. ఆ ఆరింటికీ నేను దొంగాకులని పేరు పెట్టుకున్నాను.

తిరుపాలు పోతూ పోతూ కొడుకు గురవయ్య చెవిలో ఆ ఒక్క మాటా ఊది పోయాడు. గురవయ్య భార్య అంకమ్మ అతనికి మేనత్త కూతురే. కాపరానికి వచ్చిన వారానికే గుండు ఆమె చేతికొచ్చింది. మగవాళ్ళకు హస్తవాసి ఉంటుంది గానీ, రెక్కలు నొప్పి పుట్టే పని ఆడవాళ్ళదే. తెల్లారి లేచి ఆరు ఆకులూ ఏరి, కడిగి, మెత్తగా నూరేది. అవి నలిగేసరికి గురవయ్య గొంతు సవరించుకుని "పక్కింటికి పొయ్యి మజ్జిగ పట్రాపో" అనేవాడు. ఆమె అటు పోగానే మొలలోంచి ఏడో ఆకు తీసి నాలో వేసి, నాలుగు తిప్పులు తిప్పేవాడు. ఆమె వచ్చేసరికి అంతా ఒకటే పచ్చటి ముద్ద.

పెళ్ళైన కొత్తలో ఒకసారి అడిగింది.

"ఆ ఏడోది ఏందో నాకు చెప్పగూడదా బావా?"

"ఆడదాని నోట్లో నువ్వుగింజ నానదంటారు. నీకు చెప్తే మందు చచ్చిపోద్ది" అన్నాడు.

ఆమె మళ్ళీ అడగలేదు. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళు తమ కష్టాలు అంకమ్మకే చెప్పుకునేవారు. ఎవరికి గర్భం నిలవడం లేదో, ఎవరి మొగుడు కొడతాడో అన్నీ ఆమెకు తెలుసు. ఒక్క మాట ఆ గడప దాటలేదు. అది గురవయ్యకు కనబడలేదు. ముప్పై ఏళ్ళు ఆమె దొంగాకులు నూరుతూ, వాటిలోనూ మందుందనుకుంది. నాకు నోరుంటే ఏనాడో చెప్పేవాణ్ణి. నాకు ఆమె మీద జాలి, ఆయన మీద కోపం. రెండూ నిజమే.

పోయిన ఎండాకాలం గురవయ్యకు పక్షవాతం వచ్చింది. కుడి పక్కంతా పడిపోయింది, మాట పోయింది. కొడుకు మార్కాపురంలో కటింగ్ షాపు పెట్టుకున్నాడు. వచ్చి చూసి, "ఆకులూ అలములూ నాకెందుకమ్మా" అని మర్నాడే వెళ్ళిపోయాడు. చెవిలో చెప్పాల్సిన మాట గురవయ్య గొంతులోనే ఉండిపోయింది.

ఆ తర్వాత పదిరోజులకు పై ఊరి లింగమ్మ తన కూతురిని తీసుకొచ్చింది. ఆ పిల్ల కడుపుతో ఉంది, ఐదో నెల. కళ్ళు పసుపు పూసినట్టున్నాయి. అరుగు మీద కూర్చోలేక పక్కకు ఒరిగిపోయింది.

"మా అమ్మకు మీ మామ ఇచ్చె, నాకు నీ మొగుడు ఇచ్చె. మేం ఇంకో గడప తొక్కుతామా అక్కా? ఆయన పడుకుంటే ఏమాయె, నూరేది నువ్వే గదా!" అంది లింగమ్మ.

అంకమ్మ ఆ పిల్ల కళ్ళలోకి చూసింది, పొట్ట చూసింది, నన్ను చూసింది. ఆరు ఆకులూ నూరి ఇచ్చి పంపితే అడిగేవాళ్ళు లేరు. ఆ పని చేస్తుందేమోనని నాకు భయం వేసింది. ఆమె చేయలేదు. గంప తీసుకుని పెరట్లోకి, కాలువ గట్టుకు పోయి, కనబడిన ప్రతి మొక్కదీ ఒక్కో రెమ్మ తుంచుకొచ్చింది. మంచం పక్కన కూలబడింది.

"బావా, నువ్వు మాట్లాడబళ్ళేదు. తలకాయ ఊపు, సాలు. రెండు పాణాలు. ఇదా?"

ఆయన తల ఊపకుండా చూస్తున్నాడు. మొదటిది కాదు, రెండోది కాదు, మూడోది కాదు. నాలుగోసారి ఆమె చేతిలోకి అసలు ఆకే వచ్చింది. నేను గుర్తుపట్టాను. ఆయనా గుర్తుపట్టాడు. ఆయనకు మతి లేదనుకోకండి, మతి నిక్షేపంగా ఉంది. ఆ రెమ్మ వంక చూసి, భార్య ముఖం వంక చూసి, తల గోడవైపు తిప్పేసుకున్నాడు.

ఆయన చెప్పడని అంకమ్మకు అర్థమైంది. రెమ్మ గంపలో పడేసి బయటికొచ్చింది.

"నాకు తెలీదు లింగమ్మా. ముప్పై ఏండ్లు నూరినానే గానీ, మందేందో నాకు తెలీదు. ఆటో పిలువు. పెద్దాసుపత్రికి తీసకపో. పత్యాలు, వారాలు అనుకుంటా కూచోవాక. ఇప్పుడే పో."

"తెలీదా? ఇయ్యడం ఇష్టం లేదని చెప్పరాదూ! ఆ మందు నెత్తిన పెట్టుకోని ఊరేగు" అని లింగమ్మ శాపనార్థాలు పెట్టుకుంటూ పోయింది. ఊరు కూడా ఆ మాటే పట్టుకుంది. అంకమ్మకు గర్వం వచ్చిందనీ, మందు దాచుకుందనీ చెప్పుకున్నారు. మంచినీళ్ళ కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఆమెకు చోటు ఇచ్చి పక్కకు జరిగేవారు. మర్యాదకు కాదు.

ఆరోరోజు లింగమ్మ ఒక్కతే వచ్చింది. అరుగు ఎక్కకుండా కిందనే నిలబడింది. "రక్తం ఎక్కిచ్చినారక్కా. ఇంకో రెండు దినాలు ఆగింటే తల్లీ బిడ్డా దక్కేవాళ్ళు కాదన్నారు" అని ఏడ్చింది. అంకమ్మ ఆమెకు చెంబెడు నీళ్ళు ఇచ్చింది.

మంచంలో ఉన్న గురవయ్య ఆ మాటలన్నీ విన్నాడు. మధ్యాహ్నం దాకా కప్పు వంక చూస్తూనే ఉన్నాడు.

ఆ ఆకు పేరేమిటో మీకు చెప్పవచ్చు. చెప్పను. చెబితే రేపు ఆసుపత్రి మానేసి నన్ను వెతుక్కుంటూ వస్తారు. నాకు ఓపిక లేదు.

అంకమ్మ గంజి తెచ్చి పక్కన కూర్చోగానే గురవయ్య ఎడమ చేత్తో ఆమె కొంగు పట్టుకుని లాగాడు. గంప చూపించాడు. ఆకులన్నీ వడిలిపోయి ఇంకా మూలనే ఉన్నాయి. ఆమె గంప మంచం మీద పెట్టింది. ఆయన వేళ్ళు అందులో వెతికాయి. చాలాసేపు వెతికాయి. చివరికి ఒక ఎండు రెమ్మ పట్టుకుని, ఆమె ముఖం ముందు ఎత్తాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ ఇంటి కట్టుబాటు తెగిపోవడం నేను కళ్ళారా చూశాను.

అంకమ్మ ఆ రెమ్మ వంక చూడలేదు. కళ్ళు దించుకునే, ఆయన వేళ్ళ మధ్య నుంచి నెమ్మదిగా దాన్ని విడిపించింది. గంపలో వేసి కలిపేసింది. గంపెత్తుకుపోయి పెరట్లో మేకల ముందు కుమ్మరించింది. అవి ఏడో ఆకూ, దొంగాకూ అని చూడకుండా నమిలేశాయి.

తిరిగొచ్చి కూర్చుంది.

"అడిగిన్నాడు నీకు నేను మనిషిని కాకపోతి. ఇప్పుడు అది నాకొద్దు బావా" అంది. గొంతులో కోపం కూడా లేదు. గంజి గరిటెలోకి తీసుకుని, ఊది, ఆయన మూతి దగ్గర పెట్టింది.

"తాగు. సల్లారిపోతాంది."

గురవయ్య నోరు తెరిచాడు.