రెండు నలభైకి సాక్షి

మా ఇంట్లో ఏది ఎప్పుడు ఆరిపోవాలో చూసుకునేది ఇద్దరం: నేనూ, మా మామగారూ. మా ఆయనకు ఆ ఊసే పట్టదు, ఫ్యాను తిరుగుతుండగానే బయటికి వెళ్లిపోయే రకం. నేనైతే కంప్యూటర్ ముందు నుంచి లేచిన అరగంటకల్లా అది దానంతటదే నిద్రలోకి జారుకునేలా పెట్టి, ఏదో ఘనకార్యం చేసినట్టు నలుగురికీ చెప్పుకునేదాన్ని.

మామగారిది ఇంకో తరహా. సీసాల ఫ్యాక్టరీలో ముప్పై రెండేళ్లు రాత్రి వాచ్‌మన్. ఆయన ఉద్యోగం వదిలి ఆరేళ్లయింది కానీ ఉద్యోగం ఆయన్ని వదల్లేదు. పన్నెండింటికో రౌండు, రెండున్నరకో రౌండు. గ్యాసు, కుళాయి, గొళ్లెం, స్విచ్చులు అన్నీ చూసి, పొడవాటి పుస్తకంలో రాస్తారు. అందులో మూడు గడులు: టైము, సంగతి, సాక్షి. అందరూ గుర్రుపెట్టి నిద్రపోయే వేళ సాక్షి ఎక్కణ్ణుంచి వస్తాడు? ఆ గడిలో ఎప్పుడూ ఒక చిన్న గీతే ఉండేది.

చలి మొదలవుతున్న రోజుల్లో ఆ పుస్తకంలోకి కొత్త మాట వచ్చింది. “2.40. పైన మాటలు.” మర్నాడు మళ్లీ అదే. ఒక రాత్రి మా ఆయన మంచినీళ్లకు లేచి, డాబా తలుపు తీసి ఉండటం చూసి పైకి వెళ్లారు. నీళ్ల ట్యాంకు పక్కన వాళ్ల నాన్న తల వెనక్కి వాల్చి, నల్లటి ఆకాశంలోకి చూస్తూ నిలబడి ఉన్నారట. “ఏంటి నాన్నా?” అంటే, “ష్! పోతున్నారు” అన్నారట.

మా ఆయన పెదనాన్న చివరి రోజుల్లో గోడలతో మాట్లాడుతూ పోయాడు. అదీ ఇలాగే మొదలైందట. తెల్లారేసరికి డాబా తాళంచెవి మా ఆయన జేబులోకి చేరింది. శుక్రవారం డాక్టరు దగ్గరికి టైము తీసుకున్నారు. “రాత్రంతా పడుకోవడానికి మాత్రలిస్తారు. ఈ తిరుగుళ్లు మానేస్తాడు” అన్నారు.

“తిరుగుళ్లు మానేస్తే ఆయనకి ఇంకేం మిగుల్తుందండీ?” అన్నాను.

“నీకు తెలీదు, నువ్వు ఊరుకో.”

నేను ఊరుకునే మనిషినైతే మా పెళ్లే జరిగేది కాదు. పైగా నేను చెవి మీద బతికేదాన్ని. డాక్టర్లు గొణిగి పంపే రికార్డింగులు విని, ఇంట్లోనే కూర్చుని టైపు చేసి పంపడం నా పని. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్, ఇంజిను చప్పుడు విని దాని జబ్బు చెప్పేస్తారు. ఊళ్లో బస్సులన్నింటి మాటా వినే మనిషి, కన్నతండ్రి మాట దగ్గరికొచ్చేసరికి చెవులు మూసుకున్నారు.

నేను వెళ్లి మామగారినే అడిగాను. “ఏమంటారు మామయ్యా వాళ్లు?”

“మాటలంటే మాటలు కాదు తల్లీ. ఒకళ్లు పిలుస్తారు, దూరం నుంచి ఇంకొకళ్లు పలుకుతారు. తలెత్తి చూస్తే ఎవరూ ఉండరు. ఫ్యాక్టరీలో ఆ రొదకి ఎప్పుడూ వినపడలా. ఈ ఏడు డాబాని కూడా రౌండులో కలుపుకున్నాకే.”

సోమవారం రాత్రి, నా మైకుకు పొడుగు తీగ తగిలించి కిటికీలోంచి చూరు కిందకి వేలాడదీశాను. కంప్యూటర్లో రికార్డింగు మొదలుపెట్టి పడుకున్నాను. పొద్దున్నే చూస్తే ముప్పై నిమిషాలే ఉంది. అరగంట కాగానే నా కంప్యూటర్ నేను నేర్పినట్టే బుద్ధిగా నిద్రపోయింది. నా ఘనకార్యాన్ని నేనే తిట్టుకున్నాను.

మంగళవారం ఆ నిద్ర సంగతి తీసేసి, తెల్లవార్లూ మెలకువగా ఉండేలా మార్చాను. పొద్దున్నే చూస్తే పన్నెండూ అయిదుకే ఆగిపోయి ఉంది. ఎందుకో పుస్తకమే చెప్పింది: “12.05. కోడలి గదిలో మిషను మనిషి లేకుండా నడుస్తోంది. గోడ స్విచ్చు కట్టేశాను.” సాక్షి గడిలో గీత.

కంచే చేను మేసిందంటే ఇదే. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

“మామయ్యా, అది మీ కోసమే పెట్టాను! ఒక్క రాత్రి దాన్ని వదిలేయండి.”

“వదలను తల్లీ” అన్నారు మెత్తగా. “మనిషి లేకుండా మిషను నడవకూడదు. ఒకసారి నేను రౌండుకి పది నిమిషాలు ఆలస్యమైతే, అవతల నడుస్తున్న బెల్టులో ఒకతని చెయ్యి పోయింది.”

ఆ రోజు అప్పటికే బుధవారం, ఎల్లుండే డాక్టరు. చివరికి ఆయనే దారి చెప్పారు. “ఒక కుర్చీ వెయ్యి. నేను దాని దగ్గర కూర్చుంటా.”

అలా బుధవారం రాత్రి మా కంప్యూటర్‌కి వాచ్‌మన్ కుదిరాడు. భుజాన శాలువా, ఒళ్లో పుస్తకం, పక్కన నీళ్ల సీసా. కిటికీ రెక్క ఓరగా తీసి ఉంది. నేను వెళ్లి పడుకున్నాను.

గురువారం పొద్దున ఎనిమిది గంటల శబ్దం నా తెర మీద పరుచుకుని ఉంది. శబ్దానికి బొమ్మ ఉంటుంది, ఆ బొమ్మ చదవడం నాకు అలవాటే. ఇవి కుక్కలు, ఇది ఎవరిదో మోటారు సైకిలు, ఇది మా కుళాయి. రెండు దాటాక మాత్రం నేను ఎప్పుడూ చూడనివి కనిపించాయి. ఎక్కడో పైన, గోరుతో గీరినట్టు సన్నటి కొక్కేలు. ఒకటి, రెండు, తర్వాత గుంపులు గుంపులుగా.

హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. సన్నగా, చాలా ఎత్తు నుంచి ఒక పిలుపు. రెండు క్షణాలు నిశ్శబ్దం. అవతలి నుంచి ఇంకో పిలుపు.

లెక్కపెట్టడం మొదలుపెట్టి నాలుగు వందల పదకొండు దగ్గర ఆపేశాను, ఇంకా సగం కూడా కాలేదు. మామగారి ఒళ్లోంచి పుస్తకం తీసుకుని పక్కన పెట్టుకున్నాను. 2.12 అని ఆయన రాసిన చోట తెర మీద కొక్కెం ఉంది. 2.40 దగ్గర ఒక గుంపే ఉంది. 3.05. 3.17. ఒక్కటీ తప్పలేదు.

ఎక్కడెక్కడో వెతికి, అలాంటి పిలుపులు విని పోల్చుకునేసరికి గంట పట్టింది. పిట్టలు. చలి మొదలవగానే వేల మైళ్లు వలస వెళ్లే పిట్టలు. పగలు ఎక్కడో వాలి తిని, రాత్రుళ్లు ప్రయాణం చేస్తాయట. చీకట్లో తప్పిపోకుండా ఒకదాన్నొకటి పిలుచుకుంటూ వెళతాయట. మా నీళ్ల ట్యాంకు మీదుగా, ఆరేసిన బట్టల మీదుగా, మేము దుప్పటి ముసుగేసుకుని పడుకున్న గది మీదుగా, ఏటా ఇంత ప్రపంచం దాటిపోతూ ఉంది. ఈ ఇంట్లో పదకొండేళ్లుగా ఉంటున్నాను. నాకు తెలియనే తెలియదు.

పళ్లు తోముకుంటున్న మా ఆయన్ని అలాగే లాక్కొచ్చి హెడ్‌ఫోన్లు తగిలించాను. ఆయన నోట్లో బ్రష్షు కదలడం ఆగిపోయింది. పుస్తకంలో 2.40 మీద వేలు పెట్టి చూపించాను, తర్వాత తెర మీద. నోట్లో నురగ ఆరిపోయింది.

“నాన్నా” అన్నారు చివరికి. “పిట్టలు నాన్నా.”

మామగారు కుర్చీలోంచి లేచారు. నేనైతే, చూశారా అని దెప్పుతారనుకున్నాను. ఆయన తెర దగ్గరికి వంగి ఆ గీతల్ని చూశారు. “పిట్టలా! ఇంత చీకట్లోనా?” అన్నారు, చిన్నపిల్లాడి గొంతుతో. ఆ తర్వాత కొడుకు భుజం పట్టుకున్నారు. “మా అన్నకొచ్చిందే నాకూ వచ్చిందనుకున్నానురా. అందుకే టైములు రాసిపెట్టుకున్నా. నేనూ భయపడ్డానురా.”

మా ఆయన మొహం కడుక్కోవడానికి వెళ్లి పావుగంట దాకా బయటికి రాలేదు. వచ్చాక డాక్టరుకు ఫోను చేసి రావడం లేదని చెప్పారు. “చూపించాల్సింది నా చెవుల్ని” అన్నారు. డాబా తాళంచెవి తీసి పుస్తకం మీద పెట్టారు.

మామగారు తాళంచెవి పక్కకి జరిపి, పెన్ను తీసి, ముందటి రాత్రి గడులన్నీ ఓపిగ్గా నింపారు. ఒక్కో గీత పక్కనా ఒకే మాట: సాక్షి, కంప్యూటర్. ఆరేళ్లలో ఆ గడిలో పడ్డ మొదటి పేరు అది.

ఆ రాత్రి పదింటికి నేను కంప్యూటర్ ముందు కూర్చుని, దాని పాత అలవాటు దానికి మళ్లీ నేర్పాను. మైకు లోపలికి లాగేశాను. ఇక అది మేలుకుని ఉండాల్సిన పని లేదనిపించింది. అరగంటకి దాని వెలుగు పోయింది.

మర్నాడు లేచేసరికి మంచం మీద నా పక్కన చోటు ఖాళీగా ఉంది. వంటింట్లో రెండు టీ గ్లాసులు బోర్లించి ఉన్నాయి. హాల్లో తండ్రీ కొడుకులు శాలువాలు కప్పుకుని, కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే నిద్రపోతున్నారు. మధ్యలో బల్ల మీద పుస్తకం తెరిచి ఉంది. చివరి వరుస కొత్తది.

“2.40. పైన పిట్టలు. సాక్షి: నా కొడుకు.”