గోధుమ ఒక వంతు

నందిగామ కేథలిక్ గుడికి అప్పాలు కాల్చే పని రత్నమణిది. ఆమె భర్త ప్రేమదాసు అక్కడ మతపాఠాలు చెప్పే ఉపదేశి. గుడి వెనకే పెంకుటింట్లో కాపురం. పొడుగు పిడుల ఇనప అచ్చును బొగ్గుల మీద కాచి, పల్చటి పిండి గరిటెడు పోసి నొక్కితే సిలువ గుర్తుతో తెల్లటి రేకు వస్తుంది. దాన్ని గుండ్రంగా కత్తిరించి డబ్బాలో పెట్టి ఫాదరుగారికి ఇస్తుంది. పూజలో ఆయన లాటిన్ మాటలు చెప్పాక అది దివ్య సత్ప్రసాదం అవుతుంది, క్రీస్తు శరీరం అవుతుంది. నిప్పు కాలుస్తుందని నమ్మినట్టే ఆమె ఈ సంగతీ నమ్మింది. దాని గురించి ప్రత్యేకంగా ఆలోచించిన రోజు లేదు.

పని నేర్పిన సిస్టరు, "గోధుమపిండి, నీళ్ళు. ఇంకేమీ వెయ్యకు" అని మాత్రం చెప్పింది. ఎందుకు వెయ్యకూడదో చెప్పలేదు. వేరేది వేస్తే రేకు విరుగుతుంది కాబోలు అనుకుంది రత్నమణి.

యాభై ఎనిమిదిలో, ఈస్టరు ముందు తపస్సు కాలం నడుస్తుండగా, బెజవాడ నుంచి రావలసిన పిండి రాలేదు. ఇంట్లో ఉన్నదానికి పురుగు పట్టింది. జల్లించగా జల్లించగా అడుగున కొంచెం మిగిలింది. ఈ మెట్ట ఊళ్ళలో జొన్నలు అడిగితే పెడతారు, బియ్యం అడిగితే పెడతారు, గోధుమలు ఎవరింట్లో ఉంటాయి? ఫాదరుగారితో చెబితే జగ్గయ్యపేట గుడికి మనిషిని పంపుతారు. పంపేముందు, ఇంత అజాగ్రత్త ఏమిటని ప్రేమదాసును నలుగురిలో నిలబెట్టి అడుగుతారు. ఆయన అడగడం ఎలా ఉంటుందో రత్నమణికి తెలుసు. గోధుమ ఒక వంతుకి బియ్యప్పిండి రెండు వంతులు కలిపి కాల్చేసింది. రేకులు ఎప్పటికంటే తెల్లగా వచ్చాయి. "ఈసారి బాగా కుదిరాయమ్మా" అన్నారు ఫాదరుగారు.

పది రోజుల తర్వాత ఒక సాయంత్రం ఆమె గుడి వసారా ఊడుస్తోంది. లోపల ప్రేమదాసు మొదటిసారి సత్ప్రసాదం తీసుకోబోయే పిల్లలచేత పాఠం అప్పజెప్పించుకుంటున్నాడు.

"దివ్య సత్ప్రసాదానికి ఏ రొట్టె కావలెను?"

"గోధుమ రొట్టె కావలెను!" పిల్లలు గొంతెత్తి అరిచారు.

"వేరు ధాన్యముతో చేసినచో?"

"అది సత్ప్రసాదము కానేరదు!"

"గురువు ఎన్ని ప్రార్థనలు చెప్పినా?"

"కానేరదు!"

చీపురు ఆగిపోయింది. లోపల ప్రేమదాసు తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయాడు. పిల్లలకు అది పాఠంలో ఒక ముక్క, అంతే. ఆమె మాత్రం ఊడ్చినచోటే మళ్ళీ ఊడుస్తూ ఉండిపోయింది.

ఆ ఆదివారం తను సత్ప్రసాదం తీసుకోవడానికి వెళ్ళలేదు. కడుపులో బాగోలేక ఇప్పుడే గంజి తాగేశాను, ఉపవాసం చెడిందని మొగుడితో అబద్ధమాడి, గుడిలో వెనక గోడ దగ్గర నిలబడింది. జనం వరసగా పీఠం ముందున్న కటకటాల దగ్గర మోకరించి, కళ్ళు మూసుకుని నాలుక చాపుతున్నారు. తిరిగి వచ్చేటప్పుడు ఒక్కొక్కరి ముఖం లోపల దీపం పెట్టినట్టుంది. వాళ్ళను చూస్తే ఆమెకు జాలేసింది. ఆ జాలి అడుగున, వీళ్ళెవరికీ తెలియనిది నాకు తెలుసన్న చిన్న బింకం కూడా కదిలింది. తప్పుకంటే ఆ బింకానికే ఎక్కువ భయపడింది. రేపు చెబుతాననుకుంది. ఆ రేపు నాలుగైదు రోజులు నడిచింది.

శుక్రవారం పొద్దున చందర్లపాడు వైపు నుంచి ఇమాం జట్కా వచ్చి గుడి ముందు ఆగింది. ఇమాంది ఆమె పుట్టిన ఊరే. బండి దిగకుండానే కేకేశాడు.

"అమ్మాయ్ రత్నమణీ! మీ నాయన మొండితనం అరిగిపోయిందే! ఫాదరును తీసుకురమ్మన్నాడు."

"ఎట్లా ఉంది బాబాయ్?"

"ఎట్లా ఉంటది, మూడు రోజుల నుంచి మెతుకు లేదు. మీ అమ్మ ఏడుస్తంది. ఆయనేమో 'ఏడవమాక, ఫాదరొస్తే తీసుకుంటాలే' అన్నాడు. దాంతో మీ అమ్మ ఇంకా ఎక్కువ ఏడ్చింది." ఇమాం నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. "ఎక్కువ టైము లేదమ్మా. తొందరగా కదలండి."

ఆమె తండ్రి పుల్లయ్య సత్ప్రసాదం తీసుకుని ఇరవై ఏళ్ళు దాటింది. అప్పట్లో అర్ధరాత్రి దాటాక చుక్క నీళ్ళు తాగినా పనికిరాదు. పుల్లయ్య రాత్రంతా జొన్న కుప్ప దగ్గర కాపలా ఉండి, నేరుగా పూజకు వచ్చాడు. అప్పుడున్న ఫాదరు కటకటాల దగ్గర అడిగాడు: "ఏమైనా తిన్నావా, తాగావా?" పుల్లయ్యకు అబద్ధం రాదు. "దారిలో నీళ్ళు తాగానండి" అన్నాడు. "లే, పక్కకు వెళ్ళు." ఊరంతా చూస్తుండగా లేచి వెళ్ళాడు. మళ్ళీ ఆ కటకటాల దగ్గరికి రాలేదు. ఆదివారం గుమ్మం బయట నిలబడి పూజ వినేవాడు, లోపలికి అడుగు పెట్టేవాడు కాదు. మొన్న క్రిస్మసుకు ఇప్పటి ఫాదరుగారు ఇంటికెళ్ళి, నీళ్ళు తాగితే ఉపవాసం చెడదని రోములో పోపుగారు మార్చారని చెబితే, పుల్లయ్య మంచంలో లేచి కూర్చుని, "అయితే ఆ సంగతి నాకు ఆయనకంటే పదహారేళ్ళు ముందే తెలుసన్నమాట. రాసి పంపండి" అన్నాడట.

అలాంటి మనిషి ఒప్పుకున్నాడు. సత్ప్రసాదం భద్రపరిచే మందసంలో ఉన్నవి మాత్రం ఆమె చేతి బియ్యప్పిండి అప్పాలే.

ఇమాం గుర్రానికి నీళ్ళు పెడుతున్నాడు. పది నిమిషాల వ్యవధి ఉంది. రత్నమణి చీర మార్చుకుంది, జడ వేసుకుంది, పొయ్యి మీద గిన్నె దించింది, దించినదాన్ని మళ్ళీ ఎక్కించింది. ఫాదరుగారు జగ్గయ్యపేట వెళ్ళి మంచివి తెచ్చేసరికి నాయన ఉంటాడా? ఉండకపోతే? ఏదీ లేకుండా పోవడం కంటే ఇది నయం కాదా? ఇది ఏదీ లేకపోవడమే కదా? తర్వాత చాలా ఏళ్ళు ఆమె ఆ పది నిమిషాలను పట్టుకుని తనను తాను అడిగింది. నాయన కోసమే ఆగానా, నా పరువు కోసం ఆగానా? జవాబు ఒక్కో ఏడు ఒక్కో రకంగా వచ్చింది.

చివరికి గుడిలోకి పరిగెత్తింది. ఫాదరుగారు అప్పటికే మందసం తలుపు వేసి తాళం తిప్పుతున్నారు. అప్పం పెట్టిన బంగారు పూత డబ్బీ మెడలో గుండెల మీద వేలాడుతోంది. "స్వామీ..." అంది. ప్రేమదాసు పెదవుల మీద వేలు పెట్టి కళ్ళెర్రజేశాడు. సత్ప్రసాదం మోసుకెళ్ళే గురువు దారిలో మాట్లాడడు, ఎవరూ ఆయనతో మాట్లాడరు. అది అందరికీ తెలిసిన కట్టు.

జట్కాలో నలుగురు. ముందు ఇమాం పక్కన ప్రేమదాసు గంట పట్టుకుని, వెనక ఫాదరుగారు, ఎదురుగా రత్నమణి. ఇమాం నోరు ఒక్క నిమిషం ఊరుకోదు, గుర్రంతోనైనా తగువు పెట్టుకుంటాడు. ఇవాళ బీడీ పారేసి, తల గుడ్డ సర్దుకుని, గుర్రాన్ని అదిలించడానికి కూడా నాలుకతో చప్పుడు మాత్రమే చేస్తున్నాడు. మిరప కల్లాల పక్కనుంచి వెళుతుంటే ఘాటుకు అందరి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇమాం తుమ్మును భుజం మీది తువ్వాలులోకి కుక్కేశాడు. పల్లె దగ్గర ప్రేమదాసు గంట కొట్టాడు. కాయ ఏరుతున్న కూలీలు లేచి, నెత్తి గుడ్డలు తీసి, ఎండిన మిరపకాయల మధ్యే మోకాళ్ళూనారు. ఒక ముసలామె నుదురు నేలకు ఆనించింది.

ఇమాం బిగబట్టుకున్న తుమ్ము, ముసలామె నుదురు, ఫాదరుగారి మౌనం, అన్నీ వచ్చి రత్నమణి గుండెల మీద కూర్చుంటున్నాయి. ఆపండి అని ఒక్క మాట అంటే చాలు. చందర్లపాడు దాటినా ఆ మాట అనలేదు.

ఇంట్లో తల్లి సౌభాగ్యమ్మ పీట మీద తెల్లగుడ్డ పరిచి రెండు కొవ్వొత్తులు వెలిగించి ఉంచింది. పుల్లయ్య ఫాదరుగారికి పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనం కోసం అందరూ బయటికి వచ్చారు. లోపల నుంచి పుల్లయ్య గొంతు చాలాసేపు గొణిగింది. తర్వాత పిలిచారు. ఫాదరుగారు డబ్బీ తెరిచి అప్పాన్ని ఎత్తి పట్టుకున్నారు. పుల్లయ్య మోచేతుల మీద లేవబోయాడు. లేవలేక, పడుకునే రెండు చేతులూ జోడించాడు. నోట్లో పెట్టాక కళ్ళు మూసుకున్నాడు. ముఖంలో గీతలన్నీ ఒక్కొక్కటిగా సడలాయి. మూసిన రెప్పల కింద నుంచి నీళ్ళు చెవుల్లోకి జారుతుంటే తుడుచుకోలేదు. రత్నమణి తండ్రిని అలా ఎన్నడూ చూడలేదు. పడవలోంచి గట్టుకు కాలు పెట్టిన మనిషిలా ఉన్నాడు.

ఆ ముఖం చూశాక ఇక మోయలేకపోయింది.

ఫాదరుగారు పెరట్లో చేతులు కడుక్కుంటున్నారు. చెంబుతో నీళ్ళు పోస్తూ అంది: "స్వామీ, మీకొక మాట చెప్పాలి."

ఆయన సంతోషంగా ఉన్నారు. "ఇరవై ఏళ్ళమ్మా! మీ అమ్మ ఓర్పుకి దండం పెట్టాలి."

"నాయన తీసుకున్నది సత్ప్రసాదం కాదు స్వామీ."

ఆయన చేతులు అలాగే నీళ్ళ కింద ఆగాయి. ఆమె అంతా చెప్పింది.

"ఎంత కలిపావు?"

"ఒకటికి రెండు."

ఆయన పెదవులు కదులుతున్నాయి. ఆ డబ్బా వచ్చిన దగ్గర్నుంచి చెప్పిన పూజలు, వెళ్ళిన ఇళ్ళు గుర్తు చేసుకుంటున్నారని ఆమెకు తెలిసింది. తిడతారనుకుంది. ఆయన గొంతు తగ్గించి అడిగారు: "ఇది పాపసంకీర్తనంగా చెబుతున్నావా, మామూలుగా చెబుతున్నావా? పాపసంకీర్తనమైతే నేనిక నోరెత్తకూడదు."

"ఎట్లా చెబితే మీరు మళ్ళీ తెస్తారో, అట్లాగే అనుకోండి."

మధ్యాహ్నం బస్సుకే ఆయన జగ్గయ్యపేట వెళ్ళారు. రాత్రికి అక్కడి గుడిలో ఉండి, పొద్దున్నే పూజ చేసి, మర్నాడు పది గంటలకల్లా ఇమాం జట్కాలో తిరిగొచ్చారు. పుల్లయ్య ఇంకా ఉన్నాడు. రాత్రి నెమ్మదిగా నిద్రపోయాడు, తెల్లారి భార్యతో, "ఒళ్ళు తేలిగ్గా ఉందే, ముందే ఒప్పుకోవాల్సింది" అన్నాడు. గంట వినిపించి తల తిప్పాడు.

"నిన్న ఇచ్చారుగా స్వామీ?"

"చిన్న పొరపాటు జరిగింది పుల్లయ్యా. మళ్ళీ తీసుకోవాలి."

పుల్లయ్య ముఖం మారింది. "పొరపాటు ఎవరిది? మళ్ళీ నాదేనా? నేనేం తాగలేదండీ, కావాలంటే మా ఆడదాన్నడగండి." ఇరవై ఏళ్ళ కిందట కటకటాల దగ్గర నుంచి లేచిన మనిషి మళ్ళీ లేస్తున్నాడు.

ఫాదరుగారు రత్నమణి వైపు చూశారు. ఆయన చెప్పరు. చెబితే తనే చెప్పాలి. ఊరుకుంటే నాయన ఆ తప్పు తన నెత్తినే వేసుకుని పోతాడు.

"నీది కాదు నాయనా, నాది. పిండి చాలక బియ్యప్పిండి కలిపాను. దాంతో అది సత్ప్రసాదం కాలేదు."

సౌభాగ్యమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఓసి నీ చేతులు పడిపోను! కన్నతండ్రికా?"

"ఉండవే," అన్నాడు పుల్లయ్య. కూతురి వంక చాలాసేపు చూశాడు. కోపం ఉంటే బాగుండుననుకుంది రత్నమణి. ఆ చూపులో లెక్క తప్పిన మనిషి తికమక తప్ప ఏమీ లేదు. "మరి నిన్న నాకు లోపల ఏదో దిగిందే స్వామీ. రాత్రంతా ఉంది. అదేంటి?"

ఫాదరుగారు నోరు తెరిచారు. ఆయన చదివిన చదువులో దీనికి జవాబు ఉండే ఉంటుంది. "దేవుడు నీ కోరికను చూస్తాడు పుల్లయ్యా..." అని మొదలుపెట్టి, ఆ వాక్యాన్ని అక్కడే వదిలేశారు.

"అట్లయితే ఇదెందుకు?"

గడప అవతల ఇమాం తల వంచుకుని నిలబడ్డాడు. సౌభాగ్యమ్మ మంచం కోడు పట్టుకుని నేల మీద కూలబడి, "నా కోసం తీసుకో అయ్యా, నా కోసం" అని ఏడ్చింది. పుల్లయ్య ఆమె నెత్తి మీద చెయ్యి వేశాడు. సరేనన్నట్టు తల ఊపాడు.

ఈసారి చేతులు జోడించలేదు. కళ్ళు మూసుకోలేదు. జ్వరం మాత్రకు నోరు తెరిచినట్టు తెరిచాడు. అచ్చమైన గోధుమ అప్పాన్ని నాలుక మీద పెడితే, ఇంటి కప్పు వైపు చూస్తూ మింగాడు. గొంతులో అడ్డం పడితే కష్టంగా ఇంకోసారి మింగాడు.

"అయిందా?" అన్నాడు.

"అయింది పుల్లయ్యా."

ఫాదరుగారు ప్రార్థన పూర్తి చేసి బయటికి వెళ్ళారు. సౌభాగ్యమ్మ కొవ్వొత్తులు ఆర్పింది. రత్నమణి మంచం పక్కన కూర్చుని తండ్రి చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. ఆయన తల తిప్పకుండానే, చాలా మెల్లగా అన్నాడు:

"నిన్నటిదే బాగుందమ్మా."

ఆ మాట తనను ఓదార్చడానికి అన్నాడో, తనకు చేసిన అన్యాయం చెప్పుకున్నాడో ఆమెకు తెలియలేదు. అడుగుదామని చాలాసేపు కూర్చుంది. ఆయన ముఖం గోడ వైపుకి తిప్పుకుని నిద్రలోకి జారుకున్నాడు. సాయంత్రం దీపాలవేళకు ఆ నిద్రలోనే పోయాడు.